చిటికె పాలపళ్లు

అనగనగా, గుర్రాలకు మాటలొచ్చిన కాలంలో ఒక రాజ్యం ఉండేది. దగ్గరికి జరిగి కూర్చోండి నాయనా, చెబుతాను.

ఆ రాజ్యానికి ఇలవేల్పు హయగ్రీవస్వామి. స్వామి ఉత్సవాలకు గుర్రప్పందేలు పెట్టేవారు. ఏలే రాజు పృథుకీర్తికి గుర్రాలంటే ప్రాణం. గెలుపంటే అంతకన్నా ప్రాణం.

ఆయన గుర్రపుశాలలో ధవళ అనే తెల్లని ఆడగుర్రం, దాని పిల్ల చిటికె ఉండేవి. చిటికెకు ఏడాది దాటిందో లేదో. ఒకనాడు ధవళ దౌడు తీస్తుంటే చిటికె వెంట పరుగెత్తి, పెద్ద గుర్రాలన్నిటినీ దాటేసింది.

రాజు మురిసిపోయాడు. "దీన్ని పందెంలో దింపండి" అన్నాడు.

"ప్రభూ, అది పందెపు పరుగు కాదు, అమ్మ వెనక పరుగు" అంది ధవళ.

"అయితే నువ్వు గెలుపుగీత దగ్గర నిలబడు. నీకోసమే వస్తుంది" అని నవ్వాడు రాజు.

అలాగే నిలబెట్టారు. చిటికె గాలిలా వచ్చి తల్లి మెడ కింద దూరింది. గెలిచిందని బంతిపూల దండ వేశారు. అది ఇసుకలో హాయిగా పొర్లి, దండ కాస్తా తినేసింది.

పక్షం తిరక్కుండానే రెండో పందెం. మళ్లీ గెలిచింది. కానీ ఈసారి ఇసుకలో పొర్లలేదు. దండ వాసనైనా చూడలేదు.

"అమ్మా, కాలు లోపల మండుతోంది" అంది.

ఇంతలో పొరుగురాజు విందుకు వచ్చాడు. "మీ చంటిగుర్రం మా గుర్రాన్ని చూసి పాలకు ఏడుస్తుందేమో బావా" అని ఎకసెక్కమాడాడు. పృథుకీర్తికి రోషం వచ్చింది. "రేపే పందెం" అన్నాడు.

ఆ మాట ధవళ చెవిన పడింది. ఈసారి పరుగెత్తితే ఆ లేతకాలు విరుగుతుంది. కాలు విరిగిన గుర్రం బతకదు. తను గీత దగ్గర ఉంటే బిడ్డ పరుగెత్తక మానదు. 'హయగ్రీవా, నువ్వే దారి చూపు' అనుకుంది.

తెల్లారింది. నగారా మోగబోతోంది. గెలుపుగీత దగ్గర కట్టేసిన ధవళ పగ్గం తెంపుకుంది. జనం చూస్తుండగా మైదానం పొడవునా నడిచి, బిడ్డ పక్కన నిలబడింది.

నగారా మోగింది. పొరుగురాజు గుర్రం దూసుకుపోయింది. చిటికె కదల్లేదు. అమ్మ పక్కనే ఉందిగా, ఇంకెక్కడికి పోవాలి?

రాజు కత్తి దూసి వచ్చాడు. "నా పరువు తీశావు."

"తీశాను ప్రభూ. శిక్ష నాకు వేయండి. ముందు ఒక్క మాట. మన చిన్న యువరాజుకు పళ్లు ఊడాయా?"

"లేదు. ఇంకా పాలపళ్లే."

"యుద్ధానికి ఎప్పుడు పంపుతారు?"

రాజు చిటికె పెదవి ఎత్తి చూశాడు. చిన్ని చిన్ని పాలపళ్లు, ఒక్కటీ ఊడలేదు. కాలు తాకాడు. కాలిపోతోంది. కత్తి ఒరలో పెట్టి, ఆ కాలికి తానే తడిగుడ్డ చుట్టాడు.

ఆనాడే శాసనం చేయించాడు. పాలపళ్లు రాలందే ఏ గుర్రానికీ పందెం లేదు. పరుగెత్తిన గుర్రం తనంతట తాను ఇసుకలో పొర్లి ఆడుకునేదాకా మరో పందెం లేదు.

మరి చిటికె? పళ్లు మారాక, కాళ్లు గట్టిపడ్డాక ఒక ఉత్సవంలో పరుగెత్తింది. గీత దగ్గర తల్లిని నిలబెట్టలేదు. అయినా గెలిచింది. ఇసుకలో పొర్లి, దండ తినేసింది.

పసివాళ్లు మనమీద ప్రేమతో పరుగెత్తుతారు. ఆ ప్రేమను బలమనుకుని పందెం కాసేవాడు గెలిచినా ఓడినట్టే.