కొత్త రంగు పడవ

అడిగిన ప్రశ్నకు అడిగిన చోటే జవాబు చెప్పడం శంభయ్యగారికి అలవాటు లేదు. "పద, అవతలి ఒడ్డున పనుంది" అనేవారు. ఆ పనేమిటో శిష్యులకు చివరిదాకా తెలిసేది కాదు.

ఆ పొద్దున చిదంబరం అడిగాడు. "గురువుగారూ, మనసును రాయి చేసుకుంటే తప్పా? ఒకే ఇంట్లో ఉన్నా మా అన్నయ్యతో ఆర్నెల్లుగా మాట మానేశాను. చెప్పాల్సిందేదైనా ఉంటే నా భార్య విశాలాక్షి అటూ ఇటూ చెబుతుంది. అప్పట్నుంచీ నాకు ఏ దెబ్బా తగల్లేదు." ఆ చెప్పడంలో కాస్త గర్వం కూడా ఉంది. శంభయ్యగారు ఉత్తరీయం భుజాన వేసుకుని గోదావరి రేవుకు దారి తీశారు.

రేవులో పడవ నడిపే లోవరాజు తన పడవకు కొత్తగా నీలం రంగు వేయించాడు. దాన్ని చూసుకుని మురిసిపోవడంతోనే అతనికి సరిపోతోంది. రాళ్ళకు కొట్టుకోకుండా పక్కలకు వేలాడాల్సిన పాత కారు టైర్లు నాలుగూ పడవ లోపల పడి ఉన్నాయి. గురుశిష్యులిద్దరినీ ఎక్కించుకుని బయల్దేరాక, ఏటి మధ్యలోనే అతని భార్య అచ్చియ్యమ్మ హెచ్చరించింది.

"అవతల రాతి రేవయ్యా. ఏరు పోటు మీదుంది. టైర్లు ఇప్పుడే దించు. మరీ కిందికి కాదు, అంచుకి సరిగ్గా వచ్చేలా కట్టు."

"నల్ల మరకలు పడిపోతాయే. రేవు కాడ కడతాలే," అన్నాడు లోవరాజు. ఇల్లంటుకున్నాక బావి తవ్వుతానన్నట్టే ఉంది ఆ మాట.

రేవు దగ్గరకొచ్చేసరికి అతని రెండు చేతులూ పడవను తోసే గెడకర్ర మీదే ఉన్నాయి. పక్కనుంచి ఇసుక లాంచీ ఒకటి దూసుకుపోయింది. దాని అల పడవనెత్తి రాతిమెట్ల మీదికి తోసింది. అచ్చియ్యమ్మ టైరు అందుకుంది గానీ తాడు ముడివేసే వ్యవధి లేదు. వాళ్ళ కూడూ గుడ్డా ఆ పడవే. పడవకూ రాతికీ మధ్య చెయ్యి అడ్డం పెట్టేసింది.

ఆ అరుపు చిదంబరం బతికినన్నాళ్ళూ మరిచిపోలేదు. తన కండువా ఆమె చేతికి చుట్టి, లోవరాజుతో కలిసి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. దారి పొడుగునా లోవరాజు చిన్నపిల్లాడిలా ఏడుస్తూనే ఉన్నాడు.

మధ్యాహ్నం చిదంబరం తిరిగొచ్చేసరికి గురువుగారు పడవ తాడు పట్టుకుని మెట్ల మీదే కూర్చుని ఉన్నారు.

"మూడు వేళ్ళు తీసేశారండి," అన్నాడు.

శంభయ్యగారు పడవ వైపు చూపించారు. ఆరిన నెత్తుటి మరక తప్ప, నీలం రంగు మీద చిన్న గీత కూడా లేదు.

"పడవకేమీ కాలేదు. రాయికీ ఏమీ కాలేదు," అన్నారాయన. పడవ తాడు రేవు గుంజకు కట్టి చిదంబరం వైపు తిరిగారు.

"ఇంటికి వెళ్ళు నాయనా. ముందు విశాలాక్షి చేతులు చూడు."