నూరీ పేరున్న ట్యూబు

మస్తాన్ సార్ నమ్మి చేతికిచ్చిన సూక్ష్మక్రిమిని నీలవేణి అయిదు నెలల్లో పాడుచేసింది. కనీసం ఆ పిల్ల అలాగే అనుకుంది.

మామూలు క్రిమి అయితే ఇంత ఏడుపు ఉండేది కాదు. ముప్పయ్యొక్క ఏళ్ల కిందట సార్ కూతురు నూరీ, మూడేళ్లది, రక్తవిరేచనాలు పట్టుకుని రెండు రోజుల్లో పోయింది. ఆ బిడ్డ పేగుల్లోంచి తీసిన క్రిమే ఇది. సార్ దాన్ని పారెయ్యలేదు. ల్యాబులో పెంచుతూ, ఫ్రీజర్లో దాస్తూ, దాని గుట్టు తెలుసుకోవడానికే బతుకంతా వెచ్చించారు. ట్యూబు మీద నంబరు ఉండదు, "నూరీ" అని ఉంటుంది. రిటైరయ్యే ఏడాది దాన్ని శిష్యురాలి చేతిలో పెట్టి ఒక్క మాటే అన్నారు.

"జాగ్రత్త తల్లీ."

జాగ్రత్త పడకేం, పడింది. అసలే రోహిణీ కార్తె, రోళ్లు పగిలే ఎండలు. పాపం, వేడికి ఎక్కడ సొమ్మసిల్లుతుందోనని తన చిన్న ఇంక్యుబేటర్‌ని ముప్పై డిగ్రీలకు తగ్గించి, క్రిమిని పెంచే ప్లేట్లన్నీ అందులోనే పెట్టుకుంది. క్రిమి నిక్షేపంలా పెరిగింది. తీరా పరీక్ష చేస్తే అసలు గుణమే లేదు. ఎర్రరంగు కలిపిన ప్లేటు మీద పెంచితే, రోగం తెచ్చే క్రిమి ఆ రంగు పీల్చుకుని ఎర్రబడాలి. ఇది ముగ్గుచుక్కల్లా తెల్లగా ఉండిపోయింది. ఆరుసార్లు చేసింది. ఫ్రీజర్లో మిగిలిన ఆఖరి ట్యూబు తెరిచి చేసినా అదే తెలుపు. విషపు జన్యువులు ఎక్కడో రాలిపోయాయి, సార్ జీవితం తన చేతుల్లో మంటగలిసింది అనుకుంది.

మర్నాడు ఒక చేత్తో ప్లేటు, ఇంకో చేత్తో పరిశోధన మానేస్తానన్న ఉత్తరం పట్టుకుని ఆయన గదికి వెళ్లింది.

"నూరీని పోగొట్టాను సార్."

సార్ ప్లేటును వెలుతురుకెత్తి చూశారు. ఉత్తరం విప్పలేదు. బల్ల మీద పడేసి, దాని మీద టీ గ్లాసు పెట్టారు.

"ఎక్కడ పెంచావు?"

"చల్లగా ఉన్నచోటే సార్. ఒక్కరోజు కూడా ముప్పై దాటనివ్వలేదు. కంటికి రెప్పలా చూసుకున్నాను. అయినా..."

మళ్లీ ఏడుపు. సార్ సొరుగులోంచి జ్వరం చూసే థర్మామీటర్ తీసి, శుభ్రంగా కడుక్కొచ్చారు.

"నోరు తెరువు."

"నాకు జ్వరమేం లేదు సార్."

"తెరవమంటుంటే."

నాలుక కింద గాజుపుల్ల పెట్టుకుని ఏడవడం కుదరదు. మాట్లాడడం అసలే కుదరదు. సార్ గడియారం చూస్తూ నిలబడ్డారు. తర్వాత ఆయన పుల్ల తీసి, చూడమని ఆమె చేతికే ఇచ్చారు. సెంటీగ్రేడులో ముప్పై ఏడు ఉంది.

సార్ లేచి ల్యాబులోకి నడిచారు. ఆ తెల్లచుక్కల్లోంచే రవ్వంత తీసి కొత్త ఎర్రరంగు ప్లేటు మీద గీశారు. దాన్ని నీలవేణి ఇంక్యుబేటర్‌లో పెట్టి, మర ముప్పై నుంచి ముప్పై ఏడుకు తిప్పి, తలుపు మూశారు.

"ఇంటికెళ్లి అన్నం తిను."

తెల్లారి నీలవేణి తలుపు తీసేసరికి ప్లేటు మీద చుక్కలన్నీ ఎర్రగా ఉన్నాయి. జన్యువులు ఎక్కడికీ పోలేదు. చల్లగా ఉన్నన్నాళ్లూ నోరు మూసుకుని కూర్చున్నాయి, మనిషి ఒంటివేడి తగలగానే పనిలోకి దిగాయి. ఆనందంతో ప్లేటు పట్టుకుని పరిగెత్తబోయింది. అంతలోనే ఆ ఎరుపు ఎవరిని పొట్టన పెట్టుకుందో గుర్తొచ్చి, కాళ్లు ఆగిపోయాయి. నెమ్మదిగా తీసుకెళ్లి సార్ ముందు పెట్టింది.

ఆయన చాలాసేపు చూశారు. ఉత్తరం సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

"దీన్ని చూస్తే మీకు కోపం రాదా సార్?"

"చాలా ఏళ్లు వచ్చింది."

ప్లేటు మూత మీద అరచెయ్యి ఆనించి, ఆయన మెల్లగా అన్నారు.

"నూరీ ఎవరో దానికి తెలీదమ్మా. వెచ్చగా తగిలింది. ఇల్లొచ్చిందనుకుంది."