వరాలు బతికించిన రణపాల ఆకు

అనగనగా గోదారి గట్టున ఒక ఊరుండేది, కన్నా. ఆ ఊళ్ళో మంగాయమ్మ అనే మామ్మ లేసు అల్లుకుంటూ ఒక్కతే ఉండేది. ఆవిడ గుమ్మం పక్కన కుండీలో ఒక రణపాల మొక్క. దళసరి ఆకులు, అంచంతా చిన్న చిన్న నొక్కులు. చనిపోయిన కూతురు చిన్నప్పుడు నాటిన మొక్క అది.

ఇలా ఉండగా మామ్మ కళ్ళకి పొరలొచ్చాయి. ఆపరేషన్‌కి పట్నం వెళ్ళాలి. అప్పుడు పక్కింటి వరాలుని పిలిచింది. వరాలు నీ అంతే ఉండేది.

"నెలన్నర దాకా రానే. ఈ మొక్కని చూసుకుంటావా? మట్టి ఎండితేనే నీళ్ళు పొయ్యి."

వరాలు తలూపింది. కానీ ఆ మొక్కంటే దానికి ఎంత ముద్దో! పొద్దున ఒక చెంబు, బడి నుంచి వచ్చాక ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు పోసింది. పది రోజులకి కాడ మెత్తబడింది. ఆ తర్వాత మొక్క ఒరిగిపోయింది. చూస్తే మొదలంతా కుళ్ళు.

వరాలు అన్నం మానేసి ఏడ్చింది.

"ఊరుకోవే. సంతలో ఇలాంటిదే తెచ్చి పెడదాం. మామ్మకేం తెలుస్తుంది?" అంది వాళ్ళమ్మ.

"నాకు తెలుసు కదమ్మా!" అంది వరాలు.

రణపాలకి ఆకు నుంచే పిలకలొస్తాయని అది వినుంది. ఆ మొక్కకి మూడంటే మూడు ఆకులు బాగున్నాయి. మొదటి ఆకుని లోతుగా పాతి నీళ్ళు పోసింది. అది కుళ్ళిపోయింది. అప్పుడు రెండో ఆకుని డాబా మీద మండుటెండలో పెట్టింది. అది అప్పడంలా ఎండిపోయింది.

ఇక ఒక్కటే మిగిలింది. ముట్టుకోవాలంటేనే వరాలుకి భయమేసింది. మూకుట్లో ఇసక కలిపిన మట్టి పోసి, దాని మీద ఆకుని మెల్లిగా పడుకోబెట్టింది, ఇందాక నిన్ను పడుకోబెట్టానే, అలాగ. కిటికీ పక్కన నీడలో పెట్టి, తడి ఆరాకే నాలుగు చుక్కలు చిలకరించింది. వారం గడిచింది, ఏమీ లేదు. రెండు వారాలు గడిచాయి, ఏమీ లేదు. మూడో వారంలో నొక్కుల దగ్గర ఆవగింజంత పచ్చదనం!

ఆ తర్వాత మామ్మ నల్ల కళ్ళద్దాలతో రిక్షా దిగింది. వరాలు ఎదురెళ్ళి నిజం చెప్పేసింది.

"నేనే చంపేశాను మామ్మా. నీళ్ళు ఎక్కువ పోసేశాను."

మామ్మ అరుగు మీద కూలబడింది. "మా అమ్మాయి చేత్తో పెట్టిందే అది," అని మాత్రం అంది.

అప్పుడు వరాలు ఆ మూకుడు తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టింది. మామ్మకి చూపింకా మసకే. వేళ్ళతో ఆకు అంచు తడిమింది.

"ఇదొకటి... ఇదొకటి... ఓసి నీ దుంపతెగ, అయిదు పిలకలే!"

ఏడుస్తూనే నవ్వేసింది. వరాలుని దగ్గరికి లాక్కుంది.

"ఈ బాలింతనీ, అయిదుగురు పిల్లల్నీ సాకడం నా ఒక్కదాని వల్ల కాదే. రేపట్నించి బడి అవగానే వచ్చెయ్యి."

వెళ్ళిందా అంటావా? వెళ్ళకేం! రోజూ వెళ్ళింది.

ఆకేమో అమ్మైంది, పిలకేమో పాపైంది,
కథేమో కంచికెళ్ళింది, కంటికేమో కునుకొచ్చింది.