నాంచారి చేతి ఉప్పు

అనగనగా సముద్రానికి కూతవేటు దూరంలో, ఇసక మీద ఒక ఊరు. ఆ ఊళ్ళో బసవయ్య ఇంటికి నాంచారి అనే పిల్ల కొత్తగా కోడలై వచ్చింది. ఒరేయ్, ఆ కాళ్ళు దుప్పట్లో పెట్టుకుని వినండి. ఊఁ అంటేనే చెబుతాను, లేకపోతే నాకూ నిద్రొస్తోంది.

వచ్చిన నెలకే కష్టం మొదలైంది. ఏం కష్టమంటారా? వంట! అన్నంలో ఉప్పు, పప్పులో ఉప్పు, పులుసులో ఉప్పు, ఆఖరికి గంజిలో కూడా ఉప్పే! అత్త తిరపతమ్మ ముద్ద నోట్లో పెట్టుకోవడం, మొహం చిట్లించడం, కంచం తోసెయ్యడం. దీనిది ఉప్పు చెయ్యి, పుట్టింటికి పంపించెయ్యండని ఒకటే గోల. మొగుడున్నాడే, వాడు అమ్మ వైపు చూస్తాడు, పెళ్ళాం వైపు చూస్తాడు, మళ్ళీ కంచం వైపు చూస్తాడు.

పాపం నాంచారి ఉప్పు సగం చేసింది. అయినా ఉప్పే. చిటికెడు వేసింది. అయినా ఉప్పే. అసలు వెయ్యడమే మానేసింది. అన్నంలో ఉప్పు, పప్పులో ఉప్పు... ఆఁ, మీరే చెప్పండి... గంజిలో కూడా ఉప్పే! అత్తగారు ఉప్పుజాడీ గదిలో పెట్టి తాళమేసి, చెవి మొలకి కట్టుకుంది. ఆ పూటా అంతే. ఇంకేముంది, కొంగులో దాచుకు తెస్తోందంది. పౌర్ణమికి వాళ్ళ నాన్నని పిలిపించి అప్పజెప్పేస్తానంది.

నాంచారి పెరట్లోకి పోయి వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడ్చి, నూతినీళ్ళు మొహాన కొట్టుకుంది. అవి పెదాల మీదికి జారాయి. అమ్మో! కన్నీళ్ళేవో, నూతినీళ్ళేవో తెలీలేదు! ఈ ఊరి నీళ్ళింతే కాబోలనుకుని కొత్తకోడలు ఇన్నాళ్ళూ నోరెత్తలేదు. ఇంట్లోవాళ్ళకేమో నూతినీళ్ళు రోజూ కాస్త కాస్త ఉప్పెక్కి నాలుకలకి అలవాటైపోయింది. కుండలో ఉడికి, ఇగిరితే గానీ బయటపడలేదు.

నాంచారి మెల్లిగా లోపలికెళ్ళి, అత్తయ్యా, ఈ పూట వంట మీరు చెయ్యండి అంది. ఆవిడ గొప్పగా చేసింది. ముద్ద నోట్లో పెట్టుకుంది. మొహం చూడాలి మీరు! కంచం తోసెయ్యడానికి చెయ్యి రాలేదు. నూతిలో దెయ్యం చేరిందని కేకలు పెట్టింది.

బసవయ్య మాత్రం, దెయ్యమూ లేదు గియ్యమూ లేదు, ఇంకా లోతుకి తవ్వితే తియ్యటి నీళ్ళు పడతాయన్నాడు. ఏటేటా తవ్వించడం, పొద్దస్తమానం మోట తోలించి తోటకి పారించడం ఆయన గొప్ప. తవ్వించాడు. ఏం పడ్డాయి? అచ్చం సముద్రమే! మోట లాగిన ఎద్దు కూడా వాసన చూసి మొహం తిప్పుకుంది. ఊఁ కొడుతున్నారా, నిద్రపోయారా?

ఇక నాంచారి ఆగలేకపోయింది.

"మామయ్యగారూ, తవ్వకండి! మా ఊళ్ళో అన్నీ దొరువులే, నడుంలోతు ఇసక గుంటలు. వాననీళ్ళు ఇసకలో పైపైన ఉంటాయి, పాల మీద మీగడలాగ. అడుగున ఉన్నది సముద్రం. మీరు మీగడ వదిలేసి అడుగు లాగుతున్నారు!"

నిన్నగాక మొన్నొచ్చిన పిల్ల నాకు నూతి సంగతి చెబుతుందా అని ఆయన గయ్యిమన్నాడు. అప్పుడెవరు అడ్డుపడ్డారనుకున్నారు? అత్తగారే! ఆ దొరువేదో పిల్లని తవ్వుకోనిస్తే మీ సొమ్మేం పోయిందయ్యా, అంది.

ఇసకదిబ్బ వారన, సరుగుడు నీడలో నాంచారీ, మొగుడూ కలిసి దొరువు తీశారు. నీళ్ళు ఊరాయి. తేరుకున్నాయి. తిరపతమ్మ దోసిలి పట్టి తాగింది. మళ్ళీ పట్టింది. మళ్ళీ తాగింది. హమ్మయ్య అని అక్కడే ఇసకలో కూలబడిపోయింది. బసవయ్య మోట కట్టిపెట్టి, తవ్విన లోతంతా ఇసకతో పూడ్పించాడు. ఊరంతా దొరువులు తీసుకుని, చేదలు మానేసి ముంతలతో పైపైనే తోడుకున్నారు. రెండు వానాకాలాలు పోయేసరికి పాత నుయ్యి కూడా కాస్త కాస్త తేరుకుంది. అది తరవాతి మాట. అనుకున్న పౌర్ణమికే నాంచారి నాన్న వచ్చాడు, అప్పజెప్పించుకోడానికి కాదు, విందు తినడానికి.

ఆ విందులో పప్పు చప్పిడి! తాళంలో ఉన్న ఉప్పు అడగడమే మర్చిపోయిందిగా నాంచారి. అందరూ గుటకలు మింగుతున్నారు. అత్తగారు లేచింది. మొలకున్న తాళంచెవి విప్పి కోడలి చేతిలో పెట్టింది.

"వెళ్ళి నాలుగు రాళ్ళు వెయ్యవే తల్లీ. నీ చెయ్యి మంచిదే," అంది. అని, కళ్ళు తుడుచుకుంది.

భూమి ఎంత ఇస్తే అంతే తీసుకోవాలర్రా, అడుగంటా గోకకూడదు. కథేమో కంచికెళ్ళింది, మీరేమో కళ్ళు మూసుకోండి. ఇంకా మంచినీళ్ళంటారా? తాగండి, చెంబులో ఉన్నాయి. తియ్యగా ఉంటాయి.