లేచి నిలబడ్డ నీళ్ళు

ఒకానొక సముద్రతీర రాజ్యాన్ని జగ్గభూపతి అనే రాజు ఏలుతుండేవాడు. మనిషి మంచివాడే గాని, ఆడంబరం జాస్తి.

ఓసారి ఓడలో వచ్చిన ఫ్రెంచి వర్తకుడొకడు ఆయనకు పాత అచ్చుబొమ్మల కట్ట కానుకిచ్చాడు. అన్నీ ఫ్రెంచి రాజుల ఉద్యానవనాలే. రాతిగుర్రాలు, చేపలు, కప్పలు నోళ్ళు తెరిచి ఆకాశానికి నీళ్ళు చిమ్ముతున్నాయి. వాటి మధ్య ఈకల టోపీ పెట్టుకుని అక్కడి రాజు షికారు చేస్తున్నాడు.

ఇంకేముంది! ఏడాది తిరిగేసరికి జగ్గభూపతి కోటతోటలో ఇరవై జలయంత్రాలు వెలిశాయి. వాటికోసం మంత్రి విరూపాక్షయ్య కొండచెరువు నీళ్ళన్నీ తోటకు మళ్ళించి, పొలాల తూములు మూయించాడు. పొట్టమీదున్న వరి ఎండసాగింది.

చెరువు నీళ్ళు పొలాలకు పంచే నీరటి కాటమయ్య వచ్చి రాజు కాళ్ళమీద పడ్డాడు. "మహాప్రభో, రోజుకో పూటైనా ఈ యంత్రాలను ఆపించండి. చేలు చచ్చిపోతున్నాయి."

"ఈ బొమ్మలో నీళ్ళు ఎప్పుడైనా ఆగాయట్రా?" అన్నాడు రాజు. "ఇవాళ్టి నుంచి వీటి కాపలా నీదే. నా ముందు ఒక్కటి ఆగినా నీ తల ఉండదు."

కాటమయ్య ఆలోచించాడు. మర్నాడు నీళ్ళు వదలడానికీ ఆపడానికీ యంత్రానికొక మనిషిని పెట్టాడు. రాజు తోటలో షికారు చేస్తూ మలుపు తిరగ్గానే కాటమయ్య పిట్టకూతలా ఈల వేసేవాడు. ముందున్న యంత్రం లేచేది, వెనకది పడుకునేది. మిగిలిన నీళ్ళన్నీ అతను చాటుగా తెరిచిన తూముల్లోంచి పొలాలకు పారేవి. పక్షం రోజుల్లో వరి ఈనింది.

మంత్రి ఇది కనిపెట్టి రాజు చెవిలో ఊదాడు. రాజు నడుస్తూ నడుస్తూ గిరుక్కున వెనక్కి తిరిగాడు. రాతిచేపల నోళ్ళు ఎండిపోయి ఉన్నాయి!

"కాటా! ఏమిట్రా ఇది?"

కాటమయ్య చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. "ప్రభూ, నీళ్ళు లేచి నిలబడేది తమకు మర్యాద చెయ్యడానికి గదా? తమరు లేనప్పుడూ లేస్తే, తోటలో దూరిన గాడిదకీ అదే మర్యాద జరిగిపోతుంది. బొమ్మ చూడండి. రాజుగారున్న చోటే లేచాయి."

రాజు బొమ్మ తెప్పించి చూశాడు. నిజమే! ఆయన మీసం కదిలింది.

"వీడి మాటలు నమ్మకండి ప్రభూ..." అన్నాడు మంత్రి.

"విరూపాక్షయ్యా, నువ్వొక్కడివే తోట చివరిదాకా నడిచి రా."

మంత్రి నడిచాడు. ఇరవై యంత్రాలూ దాటాడు. ఒక్క చుక్క లేవలేదు. అతను వాటి మధ్యనుంచే తిరిగి వస్తుండగా రాజు ఒక్క అడుగు ముందుకేశాడు. పిట్ట కూసింది. ఇరవై యంత్రాలూ ఒక్కసారే ఆకాశానికి ఎగశాయి. మంత్రి తలపాగా తడిసి ముద్దయింది.

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. తన భుజం మీది శాలువా తీసి కాటమయ్యకు కప్పాడు. "చెరువు తూములన్నిటి మీదా ఇక పెత్తనం నీదేరా. మంత్రి మాటా చెల్లదు!"

ఆ సాయంత్రం రైతులు శాలువాతో సహా కాటమయ్యను భుజాలకెత్తుకుని, పచ్చటి చేల గట్లన్నీ తిప్పారు.