గ్రంథానికి పట్టిన చీమలు

కొండవరం రాజు ప్రతాప భూపతికి ఆ ఏడు వేటలో ఒక్క దుప్పి కూడా దొరకలేదు. రాజుగారి గురి తప్పిందని ఎవరంటారు? అందుకని అడవే తరిగిపోయిందని అందరూ తేల్చేశారు. తన అడవిని ఎవరు తింటున్నారో వారంలో చెప్పాలని రాజుగారు హుకుం జారీ చేశారు.

ఆ భారం ఆస్థాన పండితులు మార్తాండశాస్త్రిగారు నెత్తిన వేసుకున్నారు. ఆయన మామూలు పరిశోధకులా! పల్లకీ తెర కాస్త తొలగించి, అడవి అంచును దూరం నుంచే ఓ చూపు చూసి, భోజనం వేళకి ఇల్లు చేరుకున్నారు. ఆరో రోజుకల్లా తాటాకు గ్రంథం సిద్ధం. దాన్ని ఇంకొకరి చెయ్యి తాకితే మైలపడుతుందట.

కొండమీద నలభై గడపల వాళ్ళూ ఒట్టి తిండిపోతులని అందులో రాశారు. పండు కనబడితే చెయ్యి ఆగని వాళ్ళు అడవికి పది ఆమడల దూరంలో ఉండాలని కూడా రాశారు. రాజుగారు తలూపారు. తెల్లారితే గూడెం ఖాళీ.

రాజుగారి వెనక తాంబూలం పళ్ళెం పట్టుకుని నిలబడ్డ బుచ్చన్న ఇదంతా విన్నాడు. ఒకప్పుడు కొండమీద తను జ్వరంతో పడిపోతే గంజి పోసి బతికించింది ఆ గూడెం పెద్ద గాసమ్మే. పాపం, ఆవిడ మొర పెట్టుకుందామని పొద్దుట్నుంచీ వాకిట్లోనే కూర్చునుంది. అయితే ఏడిస్తే వినే రాజు కాదు, వేడుక అంటే చెవి కోసుకునే రాజు.

బుచ్చన్న ఆకు చుట్టి అందిస్తూ మెల్లగా ఓ మాట వేశాడు. శాస్త్రిగారు ఆ తిండిపోతుల్ని దగ్గర్నుంచి చూస్తే గ్రంథానికి ఇంకో అధ్యాయం కలుస్తుంది కదా! ఓ గదిలో రాజుగారి తోట మామిడిపళ్ళు బుట్టెడు పెట్టి, గాసమ్మని కూర్చోబెట్టి, ఎదురుగా శాస్త్రిగారు రాసుకుంటే సరి. రాజుగారికి సరదా పుట్టి, గూడెం ఖాళీ చేయించడం ఒక్కరోజు ఆపించారు. శాస్త్రిగారైతే ఎగిరి గంతేసినంత పని చేశారు.

మర్నాడు పొద్దున మూసిన తలుపులు సాయంత్రం తెరిచారు. బుట్టలో సగమే ఉంది.

"చూశారా ప్రభూ, ఎలా మేసిందో!" అన్నారు శాస్త్రిగారు, మూతి తుడుచుకుంటూ.

గాసమ్మ కూర్చున్న చోటునుంచి కదల్లేదు.

"మాకింకా కొత్తల పండగ కాలేదు దొరా. తొలి పండు కొండతల్లికి పెట్టందే మా పిల్లలు కూడా ముట్టరు. టెంక ముదరకుండా కోసుకుతింటే రేపు మొక్క ఎక్కడ్నించి వస్తాది?"

అబద్ధమన్నారు శాస్త్రిగారు. సాక్ష్యం ఎవరని రాజుగారు అడిగారు. బుచ్చన్న చెయ్యి చాపాడు. కిటికీ కింద నుంచి చీమలు బారులు తీరి తిన్నగా శాస్త్రిగారి గ్రంథం మీదికి ఎక్కుతున్నాయి. తాటాకుల నిండా పచ్చటి వేలిముద్రలు, నడుమ మామిడి పీచు. ఇంకొకరి చెయ్యి తాకని గ్రంథమాయె!

శాస్త్రిగారు పరిశోధన కోసమే రుచి చూశానన్నారు. బుచ్చన్న చేతులు కట్టుకుని వినయంగా అన్నాడు:

"పండు కనబడితే చెయ్యి ఆగని వాళ్ళు అడవికి పది ఆమడల దూరంలో ఉండాలని శాస్త్రిగారే రాశారు ప్రభూ. మన కోట అర ఆమడే. పల్లకీ పిలిపించమంటారా?"

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. గూడెం జోలికి ఎవరూ పోకూడదని అక్కడికక్కడే శాసనం రాయించి గాసమ్మ చేతిలో పెట్టారు. తన వేలి ఉంగరం తీసి బుచ్చన్నకి తొడిగి, పల్లకీ పిలిపించమన్నారు.

గాసమ్మకి మాత్రం జాలేసింది.

"పది ఆమడలు తరమడమెందుకు దొరా? మా గూడెం పంపండి. పండగ దాకా మాతో పాటు ఆగడం నేర్చుకుంటాడు."

పండగకి ఇంకా ఎన్నాళ్ళుందని శాస్త్రిగారు నీరసంగా అడిగారు.

"ఇరవై రోజులు బాబూ. అందాకా గంజే."

సభంతా గొల్లుమంది.