యాభై రెండు కడవల స్నానం

వాన దేవుడు దారి తప్పితే తప్ప అటు రాని ఒకానొక రాజ్యం ఉండేది. దాని పేరు ఎర్రమెట్ట. ఏలేవాడు మాణిక్యవర్మ. మనసు వెన్నే గానీ, పాపం, ఆయనకు బిరుదుల పిచ్చి. పక్క రాజ్యం నుంచి తప్పించుకొచ్చిన ఏనుగును పట్టించి 'గజాంకుశ' అనిపించుకున్నాడు. మూడు రోజుల జలుబు తగ్గితే 'మృత్యుంజయ' అనిపించుకున్నాడు. అలా అలా బిరుదులు యాభై రెండయ్యాయి.

ఉంటే సరిపోతుందా? వాటికి రోజూ అభిషేకం జరగాలన్నాడు. పొద్దున్నే రాజుగారు స్నానాల పీట మీద కూర్చునేవాడు. వైతాళికుడు గొంతు సవరించుకుని "సమరసింహా!" అని అరిచేవాడు. నెత్తిన ఒక కడవ పడేది. "దానకర్ణా!" ఇంకో కడవ. ముప్పయ్యో బిరుదు దగ్గర తుమ్ములు అందుకునేవి. నలభయ్యో బిరుదు దగ్గర పళ్ళు టకటకలాడేవి. అయినా రాజుగారు ఒక్క బిరుదు వదిలితే ఒట్టు.

ఆ ఏడాది ఎండలకు కోటలో బావి అడుగంటింది. వెంటనే రాజు దండోరా వేయించాడు. వచ్చే పున్నమి నుంచి తూర్పువీధి బావి కోటకే చెందుతుంది. వీధివాళ్ళు ఏటికి వెళ్ళి చెలమలు తవ్వుకుని నీళ్ళు తెచ్చుకోవాలి. ఏరేమో రెండు కోసుల దూరం.

వీధి పెద్దలు వెళ్ళి కాళ్ళావేళ్ళా పడ్డారు. "అయితే నన్ను బిరుదులు వదులుకోమంటారా?" అని రాజు తెగ నొచ్చుకున్నాడు. వాళ్ళు తలలు వంచుకుని తిరిగొచ్చారు.

ఆస్థానంలో చమత్కారిగా పేరుపడ్డ కొండుభట్టు ఇల్లు ఆ వీధిలోనే. ఆయన భార్య పేరమ్మ చేతిలో ఒక్క కడవ నీళ్ళు నాలుగు పనులు చేసేవి. బియ్యం కడిగిన నీళ్ళు ఆవు కుడితిలోకి పోయేవి. కూరలు కడిగినవి కరివేప మొదట్లోకి. స్నానం చేసేది అరటిపాదులో పరిచిన రాతి మీద. చుక్క వృథా అయితే ఆవిడ ప్రాణం విలవిల్లాడేది.

ఆ సాయంత్రం పేరమ్మ గుమ్మంలో కూర్చుని మోకాళ్ళకు ఆముదం రాసుకుంటోంది.

"రెండు కోసులు పోయి రెండు కోసులు రావాలి. ఈ మోకాళ్ళు మోస్తాయంటారా?" అంది.

"నేను తెస్తాలేవే" అన్నాడు కొండుభట్టు.

"మీరు తెస్తారు సరే. ఎదురింటి పిల్ల నిండు చూలాలు. దాని మొగుడు ఊళ్ళో లేడు. దానికెవరు తెస్తారు?"

రాజంటే కొండుభట్టుకు ప్రేమే గానీ, ఆ పూట మాత్రం ఒళ్ళు మండిపోయింది.

మర్నాటి నుంచి ఆయన స్నానం మానేశాడు. మూడోనాడు సభలో అడుగు పెట్టేసరికి చుట్టుపక్కల ఆసనాలు ఖాళీ అయ్యాయి. రాజుగారు ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"ఏమయ్యా కొండుభట్టూ! మీ ఇంట్లో అప్పుడే నీళ్ళు నిండుకున్నాయా?"

"లేదు ప్రభూ. తమరు నిరుడు నాకు 'చతురశిరోమణి' బిరుదిచ్చారు. అది పోతుందని భయంతో నీళ్ళ జోలికి పోవడం లేదు."

"స్నానం చేస్తే బిరుదెలా పోతుందయ్యా?"

"నీళ్ళు పోస్తే ఒంటి మీద ఉన్నది కిందికే గదా పోయేది! నాకున్నది ఒక్కటే, జాగ్రత్తగా చూసుకోవాలి. తమకు యాభై రెండు గనక ధైర్యంగా పోసుకుంటున్నారు."

రాజు ముఖం ఎర్రబడింది. "నావి ఎక్కడికీ పోలేదు!"

"పోయాయి ప్రభూ. ఎక్కడికి పోయాయో కూడా చూసొచ్చాను. దయచేస్తే చూపిస్తాను."

రాజు రుసరుసలాడుతూ బయల్దేరాడు. కొండుభట్టు ఆయన్ని కోట వెనక్కి తీసుకుపోయాడు. స్నానశాల తూము అక్కడే బయట పడుతుంది. ఆ నీళ్ళకు పెద్ద మడుగు కట్టి ఉంది. మెడ దాకా మునిగి ఒక గేదె నెమరేస్తోంది. పక్కనే ఓ పంది హాయిగా దొర్లుతోంది.

"ఆ గేదె కూర్చున్నది 'సమరసింహ'లో ప్రభూ. పంది దొర్లుతున్నది 'సకలవిద్యావిశారద'లో."

"ఏది దేనిలో ఉందో నీకెలా తెలుసు?"

"పొద్దున ముందుగా పోసేది సమరసింహ. ముందుగా వచ్చి కూర్చునేది ఆ గేదె. మూడు రోజులుగా కాపలా కాసి మరీ చూశాను."

అంతలో గేదె లేచి ఒళ్ళు దులిపింది. రాజుగారి పట్టుపంచె నిండా బురద చిందింది.

కొండుభట్టు చప్పున చేతులు జోడించాడు. "ప్రభూ! 'సమరసింహ' తిరిగొచ్చింది!"

రాజు బురదను చూసుకున్నాడు, గేదెను చూశాడు. ముందు పెదవులు బిగబట్టాడు. తర్వాత ఆగలేక కడుపు పట్టుకుని నవ్వాడు. కళ్ళు తుడుచుకుని, "ఎంత పని చేశావయ్యా! బావి సంగతి నాతో నేరుగా చెప్పొచ్చుగదా" అన్నాడు.

"వీధి పెద్దలు చెప్పారు ప్రభూ. బిరుదుల చప్పుడులో తమకు వినబడలేదు."

రాజు నవ్వు ఆగిపోయింది. ఆ మాట ఆయనకు గట్టిగానే తగిలింది. "మీ వీధిలో నీళ్ళు మోయలేనివాళ్ళు ఎంతమంది?" అని మెల్లగా అడిగాడు. కొండుభట్టు ఇంటింటి సంగతీ చెప్పాడు. పేరమ్మ మోకాళ్ళ సంగతి అన్నిటికంటే చివర చెప్పాడు.

తూర్పువీధి బావి తూర్పువీధికే ఉండిపోయింది. మర్నాటి నుంచి రాజుగారి స్నానం ఒక్క కడవకు దిగింది. పీట వేసింది తోటలో, కొబ్బరి మొక్కల మధ్య. కడవ ఖాళీ అయ్యేలోగా వైతాళికుడు ఎంత పరుగెత్తినా ఏడు బిరుదులు దాటలేకపోయాడు. "చాలులే, ఆ ఏడూ ఎక్కువే" అన్నాడు రాజు.

కొండుభట్టుకు ముత్యాలహారం ఇచ్చాడు. అంతకంటే పెద్ద బహుమానం ఇంకోటి ఉంది. స్నానశాలకు నీళ్ళు మోసే పన్నెండు మంది కావడివాళ్ళను తూర్పువీధికి పంపాడు. నడవలేనివాళ్ళ గుమ్మం ముందు రోజూ ఒక కావడి దించమన్నాడు.

మొదటి కావడి వెంట రాజే వచ్చాడు. పేరమ్మ కంగారుపడి లేచి, ఇంటికొచ్చిన మనిషికి ఇచ్చినట్టే చెంబుతో నీళ్ళు అందించింది. ఆయన అరుగు మీద కూర్చుని చెంబు ఎత్తాడు. కింద ఒక్క చుక్క పడకుండా చివరి దాకా తాగాడు.

"ఈ నీళ్ళు ఇంత తియ్యగా ఉంటాయా అమ్మా?"

"తాగితేనే గదా నాయనా తెలిసేది" అంది పేరమ్మ.